ఎర్ర పెన్సిల్ తీసేశారు

ఆ ప్రకటన రాసింది మా మేనేజరు. సభ్యులకు పంపింది నేను. కింద సంతకం కూడా నాదే పెట్టించారు కాబట్టి తిట్లు ఎవరికి చేరాలో అక్కడే తేలిపోయింది.

"ప్రియమైన సభ్యులారా, మీ అనుభవాన్ని మరింత ఆనందమయం చేసే ప్రయత్నంలో భాగంగా నేటి నుంచి ఎర్ర పెన్సిల్‌ను తొలగిస్తున్నాం. దాని స్థానంలో రంగురంగుల గుండె గుర్తులు అందుబాటులోకి తెస్తున్నాం." కనీసం ఆ 'ఆనందమయం' అయినా తీసేద్దాం సార్, పుండు మీద కారం చల్లినట్టుంటుంది అని బతిమాలాను. ఆయన వినలేదు. నేను మీట నొక్కి, కాఫీ తెచ్చుకుని, కుర్చీలో సర్దుకునేలోపే మొదలైంది.

సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మాది బట్టలు కుట్టేవాళ్ళ సైటు. పేరు 'సూదీ దారం'. నిన్నగాక మొన్న సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నవాళ్ళ దగ్గర్నుంచి మిషను మీదే తల నెరిసిన మాస్టర్ల దాకా, ఎవరు కుట్టింది వాళ్ళు ఫోటో తీసి అక్కడ పెడతారు. ఆ ఫోటో మీద ఎవరైనా సరే వేలితో ఎర్రగీత గీయొచ్చు. ఇక్కడ ముడత పడింది, ఇక్కడ కుట్టు వంకరపోయింది, చంక దగ్గర పట్టేసింది అని. మాటలక్కర్లేదు, గీత చాలు. అదే ఎర్ర పెన్సిల్. సైట్లో ఇంకా చాలా హంగులున్నాయి గానీ జనం వచ్చేది దానికోసమే.

తీసేశాక గానీ అది ఎంతమందికి ప్రాణమో తెలిసిరాలేదు. 'బాబిన్ రాణి' అని ఒకావిడ ఉంది. పెన్సిల్ వల్ల నలుగురిలో తన పరువు పోతోందని నెలనెలా నాకు ఫిర్యాదు రాసే మనిషి. ఆవిడే ఇప్పుడు "నా గురువును చంపేశారు" అని రాసింది. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! 'కత్తెర కాకి' అనే ఆయన ఈ సైటుని శాశ్వతంగా వదిలి వెళ్ళిపోతున్నానని పేజీన్నర వీడ్కోలు రాసి, భోజనం వేళకి తిరిగొచ్చి, తన వీడ్కోలుకి ఎన్ని గుండెలొచ్చాయో చూసుకున్నాడు. ఇంకొకాయన పెన్సిల్ మీద పద్యం కట్టాడు. గణాలు తప్పాయి. ఎర్రగీత పెడదామంటే పెన్సిల్ లేదు.

అందరిలోకీ మర్యాదస్తుడు 'గుండీల బాబాయి'. ఆయన ఎంతో నెమ్మదిగా, "నేను జన్మలో ఎవరి ఫోటో మీదా ఆ పెన్సిల్ వాడలేదమ్మా. అయినా నాకు చాలా కోపంగా ఉంది. ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగాడు. ఇంకెవరికి, నాకే చెప్పుకోవాలి. సాయంత్రమయ్యేసరికి నా మెడ పట్టేసింది.

అయినా నా భయం వీళ్ళ గురించి కాదు. నా భయం ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

మా అత్తగారు ఒక పెద్ద కోట్ల దుకాణంలో కటింగ్ మాస్టరుగా చేసింది. చేతిలో సుద్దముక్క, మెళ్ళో టేపు, నోట్లో గుండుసూదులు, అలా గడిచిన బతుకు. దుకాణం మూతపడ్డాక చేతులు ఖాళీ అయ్యాయి గానీ ఆ కన్ను ఊరుకుంటుందా? ఇంటి మీద పడింది. తువ్వాలు ఆరేస్తే అంచులు కలవలేదంటుంది. రొట్టె కోస్తే ముక్క ఒక పక్కకి వాలిందంటుంది. ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబెట్టి, నా డ్రెస్సు అంచు ఎడమవైపు నూలుపోగంత దిగిందంటుంది. దిగితే దిగింది, నేను పోయేది ఆఫీసుకి, కొలతల పోటీకి కాదు కదా! ఇలాంటప్పుడు మా ఆయన చెత్తబుట్ట ఖాళీ చెయ్యడానికి కిందికి వెళతాడు. మా ఇంట్లో ఉన్నంత శుభ్రమైన చెత్తబుట్ట ఆ వీధిలో ఇంకెవరింట్లోనూ ఉండదు.

చివరికి ఓ ఆదివారం నేనే ఒక పాత ఫోను ఆవిడ చేతిలో పెట్టి 'సూదీ దారం'లో చేర్పించాను. పేరేం పెట్టమంటారత్తయ్యా అంటే, ఏదో ఒకటి పెట్టవే అంది. సైటు ఫోటో కూడా అడిగితే బల్ల మీదున్న నల్ల బొత్తాన్ని తీశాను. అలా ఆవిడ 'నల్ల బొత్తాం' అయింది. ఆ రోజు నుంచి మా ఇల్లు చల్లబడింది. ఆవిడ లోకంలో ఉన్న వంకర కుట్లన్నిటికీ గీతలు పెట్టుకుంటూ కూర్చుంటే, మా తువ్వాళ్ళు ఎలా ఆరుతున్నాయో పట్టించుకునే తీరికెవరికి?

సైట్లో అందరూ నల్ల బొత్తాం అంటే ఎవరో పెద్దాయన అనుకుని 'మాస్టారూ, మాస్టారూ' అనేవాళ్ళు. ఆవిడ ఒక్క అక్షరం జవాబు రాసేది కాదు. ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని, ఒకదాని మీద వేలు పెడితే ఇంకోటి కుడుతుందని విసుక్కునేది. ఆవిడ మాట్లాడేదంతా గీతతోనే. ప్రతి గీత చివరా చిన్న ఇంటూ గుర్తు పెట్టేది, దుకాణంలో సుద్దతో కోటు మీద పెట్టినట్టే.

ఆ సాయంత్రం నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి ఆవిడ ఫోను అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది.

"ఏమ్మాయ్, పెన్సిల్ కనపడట్లేదు. ఫోను చెడిందేమో చూడు."

"ఫోను బాగానే ఉందత్తయ్యా. పెన్సిలే తీసేశారు."

"ఎవరు?"

"మా ఆఫీసువాళ్ళు."

"మరి నువ్వేం చేస్తున్నావు అక్కడ?"

గుండెలున్నాయి కదా, నచ్చితే గుండె నొక్కొచ్చు అన్నాను. ఆవిడ ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. ఎవరిదో చొక్కా. కాలరు రెక్క ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. "దీనికి ఏ రంగు గుండె నొక్కమంటావు?" అని అడిగింది. మా ఆయన చెత్తబుట్ట అందుకున్నాడు.

మర్నాడు సభ్యులు సమ్మె మొదలుపెట్టారు. కుట్టేవాళ్ళ సమ్మె మామూలుగా ఉండదు. పెన్సిల్ తిరిగిచ్చేదాకా ప్రతివాళ్ళూ కుట్టిన బట్టని తిరగేసి లోపలి వైపు ఫోటోనే పెట్టాలని బాబిన్ రాణి పిలుపిచ్చింది. తప్పులు చూపించనివ్వరు కదా, అయితే ఇదిగో, అన్నీ కలిపి మీరే చూడండి అని దాని భావం. వేలాడే దారాలు, పీచులేచిన అంచులు, లైనింగు పీలికలు, వీటితో సైటంతా నిండిపోయింది. మంచి కంపెనీలో పనిచేసే గొప్ప గొప్ప దర్జీల కోట్ల లోపల కూడా ఇంత చెత్త ఉంటుందా అని నేను నోరెళ్ళబెట్టాను.

ఇందులో ఎవరూ అనుకోని సంగతి ఒకటి జరిగింది. సమ్మె గురించి తెలియని కొత్త సభ్యులు ఇదేదో కొత్త ఫ్యాషననుకున్నారు. ఒకమ్మాయి కోటు తిరగేసి వేసుకుని బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళొచ్చి, "దారంతా అందరూ నన్నే చూశారు" అని మహా సంబరంగా రాసింది. తిరగేసిన ప్యాంటుకి జేబులు ఎటువైపు రావాలని ఇంకొకడు అడిగాడు. దానికి సమ్మెలో ఉన్న కత్తెర కాకి సమ్మె సంగతి మరిచిపోయి, బొమ్మలు వేసి మరీ వివరించాడు. పెద్దవాళ్ళ అలవాటు అలాంటిది, అడిగితే ఆగలేరు.

మా మేనేజరు ఫోటోల సంఖ్య చూసి, "చూశావా, పెన్సిల్ పీడ వదిలాక జనం ఎంత ఉత్సాహంగా ఉన్నారో!" అన్నాడు. గోడకేసి తల కొట్టుకుందామనుకున్నాను. అద్దాల గోడ, అవతలివాళ్ళకి కనపడుతుందని మానుకున్నాను.

ఇంటి దగ్గర సంగతి సరేసరి. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. మా ఇంట్లో మేనేజరు మీద కోపం కోడలి మీదికి వచ్చింది. పక్కదుప్పటి నేతకి అడ్డంగా మడిచానంది. కూరగాయల ముక్కలు ఒక్క కొలతలో లేవంది. నేను జవాబు చెప్పకుండా పళ్ళు బిగించి తిరుగుతున్నాను. చెబితే మొదలయ్యేది మాటామాటా పెరిగి ఎక్కడ ఆగుతుందో మా ఇద్దరికీ బాగా తెలుసు.

వారం తిరక్కుండానే ఆవిడ అక్షరాలు నొక్కడం మొదలుపెట్టింది. గీత పెట్టనివ్వకపోతే పోయారు, నోటితోనే చెబుతానంది. సైట్లో వాళ్ళకి మా అత్తగారి చెయ్యి తెలుసు గానీ నోరు తెలియదు.

మర్నాడే నా బల్ల మీదికి మొదటి ఫిర్యాదు వచ్చింది. పెట్టింది ఎవరో కాదు, గుండీల బాబాయి. ఆయన కొత్త చొక్కా జేబు ఫోటో కింద నల్ల బొత్తాం ఇలా రాసింది: "ఇది జేబా ఎలక కన్నమా". పెన్సిల్ రోజుల్లో అదే బాబాయి జేబుల మీద ఆవిడ నానా గీతలూ పెట్టేది. ఆయన ప్రతిసారీ ధన్యవాదాలు చెప్పి విప్పి కుట్టుకునేవాడు. ఈసారి మాత్రం "మాస్టారు నన్ను ఇంతమాట అంటారని కలలో కూడా అనుకోలేదు" అని రాశాడు.

మూడు ఫిర్యాదులొస్తే సభ్యత్వం రద్దు. అది మా నియమం. ప్రతి ఫిర్యాదుకీ హెచ్చరిక పంపాల్సింది నేను. "గౌరవనీయులైన నల్ల బొత్తాం గారికి, తోటి సభ్యులతో మర్యాదగా మెలగవలసిందిగా హెచ్చరిస్తున్నాం" అని మా అత్తగారికి రాశాను. లోకంలో ఏ కోడలికి దక్కుతుంది ఇలాంటి అదృష్టం! కానీ రాస్తున్నంతసేపూ నాకు ఇసుమంత కూడా ఆనందం కలగలేదు.

సాయంత్రం ఆవిడే ఎత్తింది. "నీలాంటిదెవత్తో నాకు ఉత్తరం రాసింది, మర్యాద నేర్చుకోమని."

"నాలాంటిది కాదత్తయ్యా, నేనే."

"నువ్వా? బాగానే రాశావు. ఇంతకీ ఇందులో అమర్యాదేముంది? జేబు మూతి బిగిసింది, చెయ్యి పట్టదు. అదేగా నేనన్నది."

"ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పొచ్చుగా మరి!"

"చెప్పలేనే. మాట మనిషిని చూసి వస్తుంది. గీత బట్టని చూసి వస్తుంది. అందుకే మాట గుచ్చుకుంటుంది, గీత ఎవరికీ గుచ్చుకోదు" అంది. ఆ మాట నిజమేననిపించింది.

రెండో ఫిర్యాదు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరో లంగా కుట్టి పెడితే, "విప్పి గిన్నెలు తుడుచుకో, గుడ్డ మంచిదే" అని రాసింది. గుడ్డని మెచ్చుకున్నానుగా అని ఆవిడ వాదన. ఇక ఒక్కటి. ఇంకొక్క ఫిర్యాదు పడితే నల్ల బొత్తాం ఖాతా మూసెయ్యాలి, ఆ మీట నేనే నొక్కాలి.

ఇంట్లో తువ్వాళ్ళ గొడవ ఇంకా ముదురుతుందని నాకు దిగులు పట్టుకుందని మొదట అనుకున్నాను. ఆలోచిస్తే అది కాదు. ఆవిడకి ఒకసారి దుకాణం మూశారు. ఇప్పుడు ఇదీ మూస్తే కిటికీ పక్కన ఖాళీ చేతులతో కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని నేను ఒకసారి చూశాను, ఇంకోసారి చూడలేను. ఇంతకాలం ఆవిడతో పోట్లాడుతూ ఇది నాకు తెలియనేలేదు.

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను. పెన్సిల్ తిరిగి ఇచ్చెయ్యండి సార్ అన్నాను. నా దగ్గరున్న కారణాలన్నీ ఏకరువు పెట్టాను. జనం ఏడుస్తున్నారన్నాను. నేనూ ఏడుస్తానన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, కాకపోతే ఏదీ సగం చెయ్యడం తెలియని మనిషి. అంతా విని, "దాన్ని సరదాగా తీశాననుకున్నావా? ఇది చూడు" అని తెర నా వైపు తిప్పాడు.

'తొలి కుట్టు' అనే పేరుతో ఒకమ్మాయి, ఎవరి పేరూ చెప్పకుండా, నేరుగా ఆయనకే పంపిన ఫిర్యాదు. పక్కన ఫోటో. ముదురు నీలం రంగు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది, మొహం కనపడదు. ఎడమ భుజం మీద ఎర్రగీత. దాని పక్కనే ఇంకో గీత, మొదటిదానికంటే లావుగా. ఆమె రాసింది ఇదీ: "ఈ కోటు మా అమ్మ తన చేత్తో కుట్టుకుంది. అమ్మ ఇప్పుడు లేదు. నాకు సరిపోయేలా సర్దుకుందామని నేర్చుకుంటున్నాను. భుజం మీద మీ సభ్యులొకరు రెండుసార్లు గీత పెట్టారు. అది నేను కుట్టింది కాదు. అది అమ్మ కుట్టు. ఫోటో తెరిచినప్పుడల్లా అమ్మని ఎవరో కొట్టేసినట్టుంది. దయచేసి తీసేయండి."

"ఆ ఒక్క గీతా తీసేద్దామనుకున్నాను. ఇప్పుడున్న పెన్సిల్‌తో పెట్టిన గీత చెరపడం కుదరదని మన ప్రోగ్రామరు చెప్పింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని పెన్సిలే తీయించాను" అన్నాడు మేనేజరు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుందని అనబోయాను. అంతలో ఫోటో మళ్ళీ చూశాను. రెండు గీతల చివరా చిన్న ఇంటూ గుర్తులున్నాయి.

ఈ సంగతి ఆవిడకి చెప్పాలా వద్దా? బస్సులో ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. చెప్పకూడదని గట్టిగా తీర్మానించుకునే మెట్లెక్కాను. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "పొద్దున చెప్పాలనుకుని మర్చిపోయాను. ఆ భుజం మీద కుట్టు చూసుకున్నావా, ముడతేసింది" అంది నా డ్రెస్సు పట్టుకుని. అప్పుడే, ఆ భుజాన్నే అనాలా ఈవిడ!

"మీ గీత ఎవరికీ గుచ్చుకోదన్నారుగా. చూడండి ఎవరికి గుచ్చుకుందో" అని ఫోను తీసి ఆ కోటు చూపించి, ఉన్నదంతా కక్కేశాను. కక్కాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆవిడ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఆ తల్లికి ఎడమ భుజం జారి ఉండేది. బరువైన సంచి ఎప్పుడూ ఆ పక్కే వేసుకునేదో, ఈ పిల్లనే ఆ పక్క ఎత్తుకు తిరిగిందో. తన ఒంటికి తాను సరిగ్గా కుట్టుకుంది. కుట్టులో తప్పేమీ లేదు" అంది చివరికి.

"మరి గీత ఎందుకు పెట్టారు?"

"ఇప్పుడు వేసుకునేది ఈ పిల్ల. దీని భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. అందుకని పెట్టాను. మార్చలేదని రెండోసారి గట్టిగా పెట్టాను." ఫోటోని మళ్ళీ చిన్నది చేసింది. "కొట్లో ఎవరి ఒంటి మీదున్న కోటు మీదైనా సుద్ద పెట్టేముందు 'పెట్టనా అండీ' అని అడిగేదాన్ని. వాళ్ళు సరేనన్నాకే గీత. అడక్కుండా పెడితే మా పెద్ద మాస్టరు చేతిలో సుద్ద లాగేసుకునేవాడు. ఇక్కడ ఎదురుగా మనిషి కనపడదుగా. అడగడమే మర్చిపోయాను."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవరినీ దిద్దలేదు. అంత నిశ్శబ్దం నాకు నచ్చాలి కదా? నచ్చలేదు. కావాలని రొట్టె వాలుగా కోసి ఆవిడ ముందు పెట్టాను. మాట్లాడకుండా తినేసింది. చెత్తబుట్ట నిండి పొంగుతున్నా మా ఆయన కదల్లేదు, పారిపోవాల్సిన పని లేదుగా మరి.

ఆ 'పెట్టనా అండీ' మాత్రం నా బుర్రలోంచి పోలేదు. దాన్ని పట్టుకుని ప్రోగ్రామరు దగ్గరికి వెళ్ళాను. పెన్సిల్ ఫోటో పెట్టినవాళ్ళ చేతిలోనే ఉండాలి. గీయాలనుకున్నవాళ్ళు ముందు 'పెట్టనా?' అని అడగాలి. వాళ్ళు ఇస్తేనే గీత. పాత గీతలైనా వద్దనుకుంటే చెరుపుకునే వీలు కూడా ఉండాలి. ఆ ప్రోగ్రామరు టీ తాగుతూ విని, "ఇంతేనా? దీనికోసమా ఇన్నాళ్ళు రభస?" అంది. మేనేజరు కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, తిరగేసిన బట్టలు చూసి చూసి జనానికి విసుగొచ్చి సైటు బోసిపోయింది. దీనికి 'సమ్మతి కలం' అని పేరు పెడదామన్నాడు. ఆ ఒక్క విషయంలో నేను బల్ల గుద్ది పోట్లాడాను. ఎర్ర పెన్సిల్ ఎర్ర పెన్సిల్‌గానే ఉండిపోయింది.

పెన్సిల్ తిరిగొచ్చిందని ప్రకటించగానే అందరూ పండగ చేసుకుంటారనుకున్నాను. నా అమాయకత్వం! "అడగాలా? మేమా?" అని బాబిన్ రాణి మండిపడింది. పాత పెన్సిల్‌లో ఉన్న ఎరుపు ఇందులో లేదని ఒకాయన కనిపెట్టాడు. రంగు వెంట్రుకవాసి కూడా మార్చలేదు మేము. కత్తెర కాకి మళ్ళీ శాశ్వతంగా వెళ్ళిపోయాడు. గుండీల బాబాయి మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పెన్సిల్ పంచిపెట్టి, "మా నల్ల బొత్తాం మాస్టారు ఏరీ? ఆయన చూస్తే గానీ నాకు జేబు కుట్టినట్టుండదు" అని రాశాడు. ఎలక కన్నం సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

ఇంటికెళ్ళి ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ కోటు పిల్లది తీసిపెట్టు" అంది.

"వద్దత్తయ్యా. ఇంకొక్క ఫిర్యాదు పడిందంటే మూసెయ్యాలి. మూసేది నేను. ముందు బాబాయి జేబు చూడండి, ఆయన పాపం ఎదురుచూస్తున్నాడు."

"జేబులెక్కడికీ పోవు. తియ్యి."

తీశాను. 'పెట్టనా?' అన్న మీట నొక్కితే సరిపోతుందని చూపించాను. ఆవిడ దానితో ఊరుకోలేదు. చూపుడు వేలు చాచి, ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి వెతికి, తప్పుపడితే చెరిపి మళ్ళీ నొక్కి, అన్నం చల్లారిపోయేదాకా కూర్చుని రాసింది. నేను భుజం మీదుగా చూశాను. "పెట్టనా అండీ. లోగడ అడగలేదు." అంతే ఉంది. ఆవిడ ఎవరికైనా క్షమాపణ చెప్పడం నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి.

ఆ అమ్మాయి జవాబివ్వలేదు. ఆఫీసులో కొత్త ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ముందు పేరే చూసేదాన్ని. ఇంట్లో ఆవిడ ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేది, కానీ ఇంకెవరి బట్ట మీదా చెయ్యి వేసేది కాదు. ఇవ్వనంటే ఏం చేస్తారత్తయ్యా అని ఉండబట్టలేక అడిగాను. "ఏం చేస్తాను? కోటు దానిది" అంది. అంది గానీ, ఆ తర్వాత అద్దం మీద మరక ఉందేమోనని రెండుసార్లు తుడిచింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఫోను చిన్నగా మోగింది. ఆ అమ్మాయి పెన్సిల్ పంపింది. కింద ఒక్క ముక్క రాసింది: "పెట్టండి. భుజం ఒక్కటీ వదిలేసి."

అత్తగారు కుర్చీ వెలుగు వైపు తిప్పుకుంది. నేను టీ పెట్టడానికి వెళ్ళాను, పక్కనుంటే ఆగలేక ఏదో ఒకటి అనేస్తానని. రెండు కప్పులతో తిరిగొచ్చి చూశాను. కోటంతా ఎరుపు. పక్క కుట్లు, చంక, కాలరు, గుండీల వరస, చెయ్యి మొదలు, ఎక్కడ చూసినా గీతలే. ఎడమ భుజం మీద మాత్రం ఒక్క చుక్క కూడా లేదు, పాత గీతలు రెండూ ఆ అమ్మాయి చెరిపేసుకున్నట్టుంది.

"ఇదేంటత్తయ్యా! అప్పుడు రెండు గీతలకే అంత రభసైంది. ఇప్పుడిన్నా?"

"భుజం ఒక్కటీ విప్పితే మిగతాది ముట్టుకోనక్కర్లేదు. దాన్ని కదపకూడదంటే కోటంతా దానికి సర్దుకోవాలి. చంక ఆ పక్క దించాలి. చెయ్యి విప్పి, కాస్త తిప్పి ఎక్కించాలి. కాలరు ఆ వాలుకి తగ్గట్టు సర్దాలి. గుండీలు జరపాలి. పెద్ద పని."

"అంత కష్టమెందుకు? భుజం విప్పుకుంటే తేలిగ్గా అయిపోతుందని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"తేలిగ్గా అవడానికా ఆ పిల్ల దాన్ని కుట్టుకుంటోంది?" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

టీ కప్పు ఆవిడ పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను. మళ్ళీ నేనే అడిగాను.

"ఇవన్నీ చూసి మళ్ళీ ఏడిస్తే?"

ఆవిడ చివరి గీత చివర ఇంటూ గుర్తు పెట్టింది.

"ఏడవనీ. ఈసారి కుట్టుకుంటూ ఏడుస్తుంది" అని పంపేసింది.